‘ఇంధన ఆసక్తులు’ అనవచ్చునా?

సందేహం: ‘చెచ్న్యా వేర్పాటువాదం వల్ల రష్యా ఇంధన ఆసక్తులు దెబ్బతిన్నాయి’ అని ఒక వ్యాసంలో చదివాను. మరొకచోట ‘ఇంధన ప్రయోజనాలు’ అని ఉంది. ఏది సరి? ‘వేర్పాటువాదం’ బదులు ‘విభజనవాదం’ అనవచ్చునా?

సమాధానం: ‘ప్రయోజనాలు’ అనడమే సరి. ఆసక్తి మనసుకు సంబంధించినది. ప్రయోజనం ఒకరికి చేకూరే మేలు. తెలుగులో ఆసక్తికి బహువచనం అరుదు కనుక, ‘ఆసక్తులు’ అన్న రూపమే ఇంగ్లీషు ‘interests’ అనువాదంలో దొర్లిన పొరపాటును పట్టి ఇస్తుంది. ఆ ఇంగ్లీషు మాటకు ఆసక్తి, ప్రయోజనం అనే రెండు అర్థాలూ ఉన్నాయి.

మీరు చూపిన సందర్భాన్నే తీసుకుందాం. కాస్పియన్ తీరంలోని అజర్‌బైజాన్ రాజధాని బాకు నుంచి నల్లసముద్రపు రేవు నోవోరోసిస్క్‌కు చమురు తీసుకువెళ్ళే పైపులైను రష్యాలోని చెచ్న్యా రిపబ్లిక్ రాజధాని గ్రోజ్నీ మీదుగా సాగేది. రష్యాకు, చెచెన్లకు మధ్య 1994–96లో జరిగిన యుద్ధం ముగిసినా అక్కడ పరిస్థితి కుదుటపడకపోవడం, పైపులకు కన్నాలు వేసి చమురు దొంగిలించడం, 1999లో మళ్ళీ యుద్ధం రావడం వల్ల రష్యా చెచ్న్యాను తప్పించి, పక్కనున్న దాగెస్తాన్ మీదుగా కొత్త పైపులైను వేసి 2000లో పూర్తిచేసింది. దెబ్బతిన్నది ఆసక్తే అయితే ఆ చమురు సంగతి అంతటితో వదిలేసేది. ఆసక్తి చెక్కుచెదరలేదు కనుకనే అంత ఖర్చుకు ఓర్చి చుట్టుదారి వేసింది. దెబ్బతిన్నవి రవాణా రాబడి, అజర్‌బైజాన్ చమురు మీద పట్టు. వీటిని తెలుగులో ప్రయోజనాలనే అంటాం.

‘కాస్పియన్ చమురుపై అమెరికా ఆసక్తి చూపింది’ అనే వాక్యంలో మాత్రం తప్పు లేదు, అది కోరికను చెబుతోంది. కానీ అమెరికా మద్దతుతో, రష్యాను తప్పిస్తూ బాకు నుంచి జార్జియా మీదుగా తుర్కియే (టర్కీ)లోని జేహాన్ రేవు వరకు వేసిన 1,768 కిలోమీటర్ల పైపులైనుపై 2008 ఆగస్టులో తుర్కియే భూభాగంలో పేలుడు జరిగి, అది తమ పనేనని కుర్దుల సాయుధ సంస్థ పీకేకే ప్రకటించుకున్నప్పుడు, విఘాతం కలిగింది ప్రయోజనాలకే.

ఇక రెండవ సందేహం. కట్టుబడు నుంచి కట్టుబాటు, తిరుగబడు నుంచి తిరుగుబాటు వచ్చినట్లే వేరుపడు నుంచి వేర్పాటు వచ్చింది. వేరుపడేవాడు తానే కదిలి వెళతాడు. విభజించేవాడు ఎదుట ఉన్న మొత్తాన్ని భాగాలు చేస్తాడు. 1991లో జోఖర్ దుదాయెవ్ నాయకత్వాన స్వాతంత్ర్యం ప్రకటించుకున్న చెచెన్లు కోరింది తాము విడిగా ఉండటాన్నే కాని రష్యాను పంచిపెట్టడాన్ని కాదు. కనుక ‘వేర్పాటువాదం’ ఇక్కడ సరిగ్గా అతికిన మాట. అయితే అది అవతలివారు పెట్టిన పేరు. చెచెన్ల మాటలను ఉటంకించేటప్పుడు ‘స్వాతంత్ర్య పోరాటం’ అని వారు అన్నట్లుగానే రాయాలి.