ఫెమ్టోసెకన్లను కొలిచే గడియారం ఉంటుందా?

“నోబెల్ వార్తల్లో ఫెమ్టోసెకను, ఆటోసెకను అని చదివాను. అంత చిన్న కాలాన్ని కొలిచే గడియారం ఉంటుందా? అసలు దాంతో పనేమిటి?” అని అడిగారు.

గడియారం ఉండదండీ, స్కేలు ఉంటుంది. బెంగళూరులో ఒక లేజర్ ల్యాబులో పీహెచ్‌డీ చేశాను. అందులో సగం కాలం ఒక అద్దాన్ని ముందుకీ వెనక్కీ జరపడంలోనే గడిచింది. (అన్నట్టు, అది ‘అట్టో’. ఇక్కడి ఆటోల సంగతి వేరు, బుక్ చేశాక పావుగంట.)

‘త్రుటిలో తప్పింది’ అంటాం కదా. భాస్కరాచార్యుడి లెక్కలో రోజుకు 9,72,000 నిమేషాలు, నిమేషానికి 3,000 త్రుటులు. భాగించి చూస్తే త్రుటి దాదాపు 30 మైక్రోసెకన్లు. దీన్ని వాట్సాప్‌లో తిప్పుతూ ‘మనవాళ్లు ఆనాడే కొలిచేశారు’ అంటుంటారు. అది చక్కటి భాగహారమే గానీ కొలత కాదని నా అభిప్రాయం. సరే, ఆ ఒక్క త్రుటిలో సుమారు 3,000 కోట్ల ఫెమ్టోసెకన్లు పడతాయి. అట్టోసెకను అంటే ఫెమ్టోసెకనులో వెయ్యో వంతు. విశ్వం పుట్టి 1,380 కోట్ల ఏళ్లయింది. ఇప్పటిదాకా గడిచిన సెకన్లన్నీ లెక్కేసినా, ఒక్క సెకనులో ఉండే అట్టోసెకన్లలో సగానికి కూడా రావు.

ఇక కొలవడం. మామూలు డిటెక్టర్లు నానోసెకన్ల దగ్గరే చేతులెత్తేస్తాయి. గాలిలో కాంతి వేగం మాత్రం మారదు: నానోసెకనుకు 30 సెంటీమీటర్లు, అంటే బడిపిల్లల స్కేలంత, ఫెమ్టోసెకనుకు 0.3 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందుకే ఒక లేజర్ పల్స్‌ను, అంటే అతి పొట్టి కాంతి మెరుపును, రెండుగా చీలుస్తాం. మొదటిది, పంప్, వెళ్లి అణువును కదిలిస్తుంది. రెండోది, ప్రోబ్, కాస్త ఆగి వెళ్లి ఏమైందో చూసొస్తుంది. ఆ ‘కాస్త’ కోసం దాన్ని చుట్టుదారిలో పంపుతాం. దారిలోని అద్దాన్ని ఒక మైక్రాన్ వెనక్కి జరిపితే, రానూపోనూ కలిపి రెండు మైక్రాన్ల దూరం పెరుగుతుంది. అంటే 6.7 ఫెమ్టోసెకన్ల ఆలస్యం. అద్దాన్ని జరుపుతూ పోతే ఒక్కో చోట ఒక్కో ఫొటో తీసినట్టే.

రెండు పల్సులూ సరిగ్గా ఒకేసారి చేరే చోటును ‘టైమ్ జీరో’ అంటాం. అది దొరక్కపోతే మిగతాదంతా గుడ్డివాడి వేట. రెండో ఏడాది సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి మా టైమ్ జీరో మాయమైంది. అద్దాలన్నీ సరిచేశాను, అద్దాన్ని జరిపే స్టేజ్ మోటారును అనుమానించాను, ఏసీని తిట్టాను. పాత చోటుకు అటూ ఇటూ 0.15 మిల్లీమీటర్ల మేర తొమ్మిది రోజులు వెతికాను. హిందూపురం నుంచి అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసి, “ఏరా, ఆ సున్నా దొరికిందా?” అని అడిగేది. పదోరోజు టీ తాగుతుంటే మా సీనియర్ అక్క అంది: “ప్రోబ్ దారిలో ఆ గాజు ఫిల్టర్ నేనే తీసేశాను, నీకు చెప్పలేదా?” రెండు మిల్లీమీటర్ల గాజు. గాజులో కాంతి నెమ్మదిస్తుంది కాబట్టి అది కాంతిని 3,300 ఫెమ్టోసెకన్లు ఆపేది. అది పోయేసరికి సున్నా అర మిల్లీమీటరు అవతలికి జరిగింది. నేను వెతికిన మేరకు మూడింతల దూరంలో! అక్క మీద కోపం రాలేదంటే అబద్ధం. ఆనాటి నుంచి ప్రతి గాజు ముక్క మందాన్నీ టేపు మీద రాసి స్టాండుకు అంటిస్తున్నాను.

పనేమిటంటే, అణువుల్లో బంధాలు తెగడం, కలవడం ఈ కాలంలోనే జరుగుతాయి. వాటిని జరుగుతుండగా చూపించినందుకే అహ్మద్ జెవైల్‌కు 1999లో రసాయన నోబెల్ వచ్చింది. ఇది చదువుతున్న మీ కంట్లో కూడా వెలుగు తగలగానే రెటినాల్ అణువు దాదాపు 200 ఫెమ్టోసెకన్లలో మెలి తిరుగుతోంది. ఎలక్ట్రాన్లు ఇంకా చురుకు, వాటికి అట్టోసెకన్లు కావాలి. మా లేజర్ కాంతి ఒక్కసారి ఊగడానికే 2.7 ఫెమ్టోసెకన్లు పడుతుంది, దాంతో నేరుగా కుదరదు. జడవాయువులోంచి లేజర్‌ను పంపితే ఎన్నో రెట్లు వేగంగా ఊగే తరంగాలు పుడతాయని 1987లో ఆన్ లుయిలియే బృందం చూసింది. వాటిని పేర్చి 2001లో పియరీ అగోస్తినీ 250, ఫెరెంక్ క్రౌజ్ 650 అట్టోసెకన్ల పల్సులు సాధించారు. మీరు చదివిన 2023 నోబెల్ ఈ ముగ్గురిదే.

ఆసుపత్రుల్లోనూ ఈ లేజర్ ఉంది. పల్స్ ఎంత పొట్టిదంటే, పక్కకు వేడి పాకేలోపే కోత పూర్తవుతుంది. కిందటేడు అమ్మను కంటి శుక్లాలకు ఇక్కడే చూపించాం. డాక్టరుగారు మామూలు పద్ధతీ చెప్పారు, ఫెమ్టోసెకండ్ లేజరూ చెప్పారు. అమ్మ నా చెవిలో, “ఇది నువ్వు పోగొట్టుకున్నదేనా?” అంది. అదేనన్నాను.

“అయితే మామూలుదే చెయ్యమను.”