షెమీదా పేరు దగ్గర ఇంకాసేపు ఆగు

ప్రియమైన తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి బైబిలు పక్కన పెట్టుకుని మరీ చదివాను. సంఖ్యాకాండము 26వ అధ్యాయం వస్తే మనం గబగబా పేజీలు తిప్పేస్తాం. చర్చిలో చదివేవాళ్లకు కూడా ఆ పేర్ల దగ్గర నాలుక తిరగదు. "షెమీదాయీయులు షెమీదా వంశస్థులు" అన్న ముక్క దగ్గర నువ్వు ఆగావు. ఆ ఎంపిక చూసే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

కానీ నీ షెమీదా కత్తి దూశాడు, కొండ మీద నిలబడి ప్రసంగం చేశాడు, చివర్లో కొడుకు చేతుల్లో కన్నుమూశాడు. గ్రంథంలో ఇవేవీ లేవు. అతను మనష్షే గోత్రంలో గిలాదు సంతతివాడు. యెహోషువ 17లో అతని వంశానికి భూమిలో వంతు వచ్చింది. మొదటి దినవృత్తాంతములు 7లో నలుగురు కొడుకుల పేర్లున్నాయి. అతని నోటి నుంచి ఒక్క మాట కూడా మనకు దక్కలేదు. "ఏమీ లేదు కాబట్టే ఊహించాను అన్నా" అని రాశావు. గ్రంథంలో లేనిది కొంత మట్టిలో దొరికింది తమ్ముడూ. ఊహించే ముందు అది చూడాల్సింది.

ఇశ్రాయేలు ఉత్తర రాజ్యానికి రాజధాని సమరయ. అక్కడ 1910లో హార్వర్డ్ బృందం తవ్వకాల్లో సిరాతో రాసిన కుండ పెంకులు బయటపడ్డాయి. మొత్తం నూరు దాకా ఉన్నాయి, చదవగలిగినవి అరవై పైచిలుకు. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం నాటివి. ప్రార్థనలూ కావు, రాజశాసనాలూ కావు, చిల్లర లెక్కలు. ఫలానా ఏట, ఫలానా చోటు నుంచి, ఫలానావారికి. కొన్నిట్లో పాత ద్రాక్షారసం కుండ అని ఉంటుంది, కొన్నిట్లో నూనె అని. అది పన్నా, భూస్వాములకు చేరే సరుకా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ "ఫలానా చోటు" దగ్గర షెమీదా అన్న పేరు పదేపదే కనబడుతుంది.

సంఖ్యాకాండము గిలాదుకు ఆరు వంశాలు చెబుతుంది: ఈజరు, హెలకు, అశ్రీయేలు, షెకెము, షెమీదా, హెపెరు. వీటిలో ఐదు ఆ పెంకుల మీద ఉన్నాయి, ఈజరు అక్కడ అబీయెజెరుగా కనిపిస్తాడు. హెపెరు ఒక్కడే లేడు. కానీ నోయా, హొగ్లా ఉన్నారు! హెపెరు కొడుకు సెలోపెహాదు. అతనికి మగపిల్లలు లేరు, ఐదుగురు ఆడపిల్లలు. కొడుకు లేనంత మాత్రాన మా తండ్రి పేరు వంశంలోంచి ఎందుకు పోవాలి, మాకూ భూమి ఇవ్వండి అని మోషే ముందు నిలబడి అడిగారు. ఆ ఐదుగురిలో ఇద్దరి పేర్లు పన్నుల గుమాస్తా లాంటివాడెవడో రాసుకున్న పెంకుల మీద ప్రాంతాల పేర్లుగా మిగిలాయి. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఇంకొకటి. సంఖ్యాకాండములో షెకెము, షెమీదా ఒకే వరసలో ఉంటారు. దినవృత్తాంతాల్లో షెకెము షెమీదా కొడుకు. షెకెము పేరుగాంచిన పట్టణం కూడా. నువ్వు దీన్ని పొరపాటనుకుని కథలో సర్దేశావు. దయచేసి సర్దకు. ఊళ్ల మధ్య, పొలాల మధ్య సంబంధాలను ఆ జనం తండ్రీ కొడుకుల మాటల్లో చెప్పుకున్నారని నేను నమ్ముతాను. కాలంతో పాటు ఆ సంబంధాలు మారితే వరసలూ మారాయి. మనలో ఎంతమంది ఇంటిపేర్లు ఊరి పేర్లు కావు? ఆ ఊరు వదిలి నాలుగు తరాలైనా పేరు మనతోనే నడుస్తోంది. షెమీదాలో మనిషి ఎక్కడ అయిపోయాడు, నేల ఎక్కడ మొదలైంది అన్నదే నీ కథ.

అందుకని ఆ కత్తి తీసెయ్. కొండ మీద ప్రసంగం కూడా. బాధగానే ఉంటుంది, ఆ పేజీల్లో నీ వాక్యం బాగుంది. అయినా తీసెయ్. ఒక రైతు ద్రాక్షారసం కుండ గాడిద మీద వేసుకుని సమరయకు ఎక్కి వస్తాడు. లెక్క రాసేవాడు తల ఎత్తకుండా "ఎక్కణ్ణుంచి?" అంటాడు. "షెమీదా" అంటాడు రైతు. తాతల తాత పేరు చెప్పాడా, ఊరి పేరు చెప్పాడా, అతనికి ఆ తేడా తెలుసా? అక్కడ మొదలుపెట్టు. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అష్షూరు (అస్సీరియా) సామ్రాజ్యం చేతిలో ఆ రాజ్యం కూలిపోతుందని నీకు తెలుసు, ఆ రైతుకు తెలియదు. ఆ సంగతి కథలో ఎక్కడా చెప్పకు.

క్రిస్మస్ లోపు రెండో ప్రతి పంపు. ఈసారి పక్కన మార్జిన్ ఎక్కువ వదిలి రాయి, నాకు పెన్సిల్‌తో రాసుకోవడానికి చోటు కావాలి.

ప్రేమతో,
మీ అన్న