ప్రాసెసర్ వేగం పెంచబోతున్న మేనల్లుడికి

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కంప్యూటరులో విమానం నడిపే సిమ్యులేటర్‌లో, మన విశాఖ విమానాశ్రయపు 28వ నంబరు రన్‌వేకి సముద్రం వైపు నుంచి దిగుతున్నప్పుడు, ఎడమవైపు డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడేసరికి బొమ్మ తడబడుతోందనీ, అందుకే ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేద్దామని, అంటే కంపెనీ పెట్టిన వేగానికి మించి నడుపుదామని, అనుకుంటున్నావనీ రాశావు. చేసుకో, తప్పులేదు. అయితే ఆ తడబాటుకు కారణం ప్రాసెసరేనా అన్నది ముందు తేల్చుకో. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో డెవలపర్ మోడ్ తెరిచి, ఫ్రేముల లెక్క (సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో) చూపే చిన్న పెట్టెను తెర మీదకు తెచ్చుకుంటే అసలు అడ్డు ఎక్కడుందో అదే చెబుతుంది. ‘లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్’ అని వస్తే నీ అనుమానం నిజమే. జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, అని వస్తే మాత్రం ప్రాసెసర్‌ను ఎంత తోలినా లాభం లేదు, ఈ ఉత్తరాన్ని ఇక్కడే మడిచి పెట్టేయవచ్చు.

2006లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎక్స్ (ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) నాటి నుంచీ ఈ సిమ్యులేటర్లది ఒకటే జబ్బు. ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, ఎన్ని ఉన్నా, పనిలో పెద్ద భాగం ఒక్క కోరు మీదే పడుతుంది. వడ్డించేవాళ్లు పదిమంది ఉన్నా గాడిపొయ్యి దగ్గర వంటవాడు ఒక్కడే అయితే పంక్తి ఆగక తప్పదు కదా! ఆ వంటవాడి చెయ్యి కాస్త వేగంగా ఆడేలా చేయడమే మనం చేయగలిగింది.

ఎంత వేగంగా అన్నది లెక్క వేసి చూద్దాం. నీ ప్రాసెసర్ ఐ5-12600కెలోని పెద్ద కోర్లన్నీ కలిసి పనిచేసేటప్పుడు 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి. బయోస్‌లో, అంటే కంప్యూటరు మూల అమరికల్లో, గుణకాన్ని (మూల వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకెను) 45 నుంచి 48కి పెంచితే 4.8 అవుతుంది. ఇప్పుడు ఒక ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు పడుతోందనుకుంటే, అంతా అనుకూలించినా అది 37.5కి తగ్గుతుంది, అంటే సెకనుకు 25 ఫ్రేములు సుమారు 26.7 అవుతాయి. ఇక ఖర్చు సంగతి. చిప్పు తీసుకునే విద్యుత్తు వేగంతో పాటు, వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది. ఆ వేగం నిలబడడానికి వోల్టేజీని 1.20 నుంచి 1.30కి ఎక్కించావంటే, ఏడు శాతం కూడా లేని వేగానికి పాతిక శాతం అదనపు వేడిని కొని తెచ్చుకున్నట్టే.

అందుచేత ఖర్చులేని పనులు ముందు చెయ్యి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే అమరిక) ఆన్ చేయకపోతే, 3600 అని డబ్బు పోసి కొన్న ర్యామ్ 2133 దగ్గరో 2666 దగ్గరో కూర్చుంటుంది. దీన్ని సరిచేస్తేనే తడబాటు కొంత సర్దుకోవచ్చు. తర్వాత సిమ్యులేటర్‌లో టెరెయిన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్ (నేల ఎంత వివరంగా కనబడాలన్న అమరిక) 200 మీద ఉంటే 150కి దించి, విమానాశ్రయంలో ఇతర విమానాల రద్దీని తగ్గించి చూడు.

అప్పటికీ చాలదనిపిస్తే గుణకాన్ని ఒక్కొక్క మెట్టే పెంచు. ఒకేసారి రెండు అమరికలు మార్చకు. వోల్టేజీని ‘ఆటో’కు వదిలేయకు. మదర్‌బోర్డు తన జాగ్రత్త కొద్దీ అవసరానికి మించి ఇస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా పది నిమిషాలు సినీబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రామ్ నడిపి, వేడి కొలిచి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వేడి చూసుకుని, ఆ తర్వాత అసలు విమానమే రెండు గంటలు నడుపు. కంప్యూటరు తెరుచుకోకుండా మొరాయిస్తే కంగారుపడకు, ప్లగ్ పీకేసి మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీని కాసేపు తీసి పెడితే బయోస్ మొదటికి వస్తుంది. ఓవర్‌క్లాకింగ్ వల్ల చిప్పు పాడైతే మాత్రం వారంటీ వర్తించకపోవచ్చు.

నేను దెబ్బ తిన్నది వేడి దగ్గరే. డిసెంబరులో నా పాత యంత్రాన్ని పెంచి, నెలల తరబడి హాయిగా నడిపాను. మే వచ్చేసరికి సరిగ్గా దిగబోయే సమయానికి సిమ్యులేటర్ మూతపడడం మొదలైంది. కొత్తగా పెట్టిన విమానం యాడాన్‌ది తప్పని రెండు వారాలు దాన్ని తీసేసి, మళ్లీ పెట్టి, తిట్టుకున్నాను. చివరికి విండోస్ తప్పులు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే వరుసగా ‘డబ్ల్యూహెచ్‌ఈఏ’ తప్పిదాలు, అంటే హార్డ్‌వేర్ తప్పులు! గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే చిప్పు కూడా దాదాపు అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది, సీలింగ్ ఫ్యాన్ ఆ లెక్కను మార్చదు. పైగా మన సముద్రపు గాలి తేమకు దుమ్ము కూలర్ రెక్కల మధ్య పొడిగా ఉండదు, అట్టలా కరుచుకుంటుంది. బ్లోయరుతో పోలేదు, పాత టూత్‌బ్రష్షుతో గీకవలసి వచ్చింది. నీ చిప్పు 100 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కనుక, మధ్యాహ్నం ఏసీ లేకుండా సిమ్యులేటర్ నడుపుతున్నప్పుడు 85 దాటకుండా చూసుకో. దాటితే ఒక మెట్టు దిగిపో.

కూలర్ కింద, చిప్పు వేడిని దానికి చేరవేసే పాత పేస్టు ఎండిపోయి ఉంటుందని నా అనుమానం. ఆదివారం ఉదయం కొత్త ట్యూబు తీసుకుని వస్తాను, అంతవరకు కూలర్ విప్పకు. ఈలోగా ఇప్పుడున్న అమరికతోనే ఆ 28 రన్‌వేకి ఒకసారి దిగి, ఫ్రేముల లెక్కా డిగ్రీలూ ఒక కాగితం మీద రాసి ఉంచు.

ఇట్లు,
నీ మావయ్య