పాఠకుల ప్రశ్నలు: రాతి ఇంట్లో పది రోజులు

ప్రశ్న: మాది విశాఖ, ఎం.వి.పి. కాలనీ. నాకు 58, మావారికి 63, ఈమధ్యే రిటైరయ్యారు. పన్నెండు రోజుల్లో ఏడు దేశాలు తిప్పే ప్యాకేజీ బుక్ చేస్తానని మా అబ్బాయి అంటున్నాడు. మాకు ఆ పరుగు వద్దు. ఇటలీ దక్షిణాన పల్లెల్లో పాతకాలపు రాతి ఇళ్ళు అద్దెకిస్తారట కదా, అక్కడ పది రోజులు ప్రశాంతంగా ఉండగలమా? ఇద్దరం శాకాహారులం, ఆయనకి మోకాళ్ళ నొప్పులు.

జవాబు: హాయిగా ఉండగలరండీ. ఒక్కటే మాట, ఆ పది రోజులూ ఒకే ఇంట్లో ఉండండి. రెండు చోట్ల మూడేసి రోజులు, ఇంకోచోట నాలుగు అనుకున్నారంటే సూట్‌కేసు సర్దడం, తాళాలు అప్పజెప్పడంతోనే సరిపోతుంది.

మీరు విన్నవి పుల్యా ప్రాంతంలోని త్రుల్లీలు అయ్యుంటాయి. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా మన తీరంలో చుట్టిళ్ళు చూసినవాళ్ళకి ఇవి కొత్తగా అనిపించవు, మనది మట్టి గోడ, తాటాకు కప్పు అయితే వాళ్ళది గోడా కప్పూ రెండూ సున్నపురాయే. అడుసు గానీ సున్నం గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చుకుంటూ పోయి పైన గోపురంలా ముగిస్తారు. ఈ త్రుల్లీలకి పేరుపడ్డ అల్బెరొబెల్లో ఊరి కథ ఏమిటంటే, కొత్త ఊరు కడితే నేపుల్స్ రాజుకి పన్ను కట్టాలి కాబట్టి, తనిఖీకి వస్తే చప్పున విప్పేసేలా అడుసు లేకుండా కట్టుకోమని అక్కడి జమీందారు ఆజ్ఞాపించాడట. 1797లో ఆ ఊరు జమీందారీ నుంచి బయటపడింది, 1996లో యునెస్కో జాబితాలో చేరింది. అడుసు లేకుండా రాయి పేర్చే ఈ పనితనాన్ని కూడా 2018లో యునెస్కో గుర్తించింది, నాకైతే ఆ గుర్తింపే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే అది కట్టిన చేతులకి దక్కింది.

కానీ బస అల్బెరొబెల్లోలో వద్దు. చూడటానికి ఒక పూట చాలు, పగలంతా బస్సుల్లో జనం దిగుతూనే ఉంటారు. లొకోరొతొందో, చిస్తెర్నీనో ఊళ్ళ చుట్టూ ఆలివ్ తోటల మధ్య, ద్రాక్ష పాదుల పక్కన విడివిడిగా ఉండే ఇళ్ళు చూసుకోండి. గోడలు అంత మందం, కిటికీలు అంత చిన్నవి కాబట్టి మధ్యాహ్నం ఎండలోంచి లోపలికి అడుగుపెడితే గుడి గర్భాలయంలోకి వెళ్ళినట్టు చల్లగా ఉంటుంది. రాత్రి అయితే ఏ చప్పుడూ ఉండదు, హారన్లకి అలవాటు పడిన చెవులకి మొదటి రాత్రి నిద్ర పట్టకపోవచ్చు, రెండో రాత్రి నుంచి మీరే తలుపు తీసుకుని బయట కూర్చుంటారు.

మేలో గానీ, సెప్టెంబరు రెండో వారం తర్వాత గానీ వెళ్ళండి. ఆగస్టులో ఇటలీ వాళ్ళకే సెలవులు, అద్దెలూ ఎక్కువ, జనమూ ఎక్కువ. నేను ఒకసారి నవంబరు చివర్లో వెళ్ళి చాలా బాధపడ్డాను, ఎండాకాలం చల్లగా ఉంచే ఆ గోడలే చలికాలంలో ఎంతకీ వేడెక్కవు, దుప్పట్లు కూడా చెమ్మగా ఉండేవి. పైగా యజమాని ‘ఊరికి దగ్గరే’ అని రాశాడు గానీ కిరాణా కొట్టు నాలుగు కిలోమీటర్లు, నా దగ్గర కారు లేదు. అందుకని కొట్టు ఎన్ని కిలోమీటర్లో అంకెల్లో రాసివ్వమని అడగండి. మంచం నేలమట్టం గదిలోనే ఉందా, నిచ్చెనెక్కే అటక మీదా, స్నానాల గదికి మెట్లున్నాయా అన్నది కూడా మోకాళ్ళ నొప్పులున్నాయని చెప్పి మరీ కనుక్కోండి.

తిండికి టెన్షన్ పడకండి. ఎండబెట్టిన బాకలా (ఫావా బీన్స్, చిక్కుడు లాంటివి) గింజల్ని మెత్తగా ఉడికించి, పక్కన కాస్త చేదుగా ఉండే ఆకుకూర వేసి, పైన ఆలివ్ నూనె పోసిస్తారు, ‘ఫావె ఎ చికోరియా’ అంటారు, ముద్దపప్పు తిన్నట్టే ఉంటుంది. వంటగది ఉన్న ఇల్లే తీసుకోండి, చింతపండు, ఇంగువ, పొడులు మీతో ఉంటే చాలు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కొట్లు మూసేసి సాయంత్రం తెరుస్తారు, సరుకులు పొద్దున్నే తెచ్చుకోండి.

ఇటలీకి కావలసిన షెంగెన్ వీసాకి (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా దరఖాస్తు ఇవ్వాలి, చివరిదాకా ఆగకండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. విశాఖ నుంచి ఢిల్లీ లేదా ముంబయి మీదుగా వెళ్ళి బారీలో గానీ బ్రిందిసీలో గానీ దిగితే ఈ ఊళ్ళు దగ్గర. మీ అబ్బాయికి ఆ ప్యాకేజీ వద్దని గట్టిగానే చెప్పండి.

ప్రశ్న: ఇలాంటి చోటికే పిల్లలతో వెళ్ళి కారు అద్దెకు తీసుకోవాలని ఉంది. కుడివైపు నడపడం అంటే భయం. వేరే దారుందా? (గాజువాక నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అయితే మాల్టా దేశంలోని గోజో దీవి చూడండి. అక్కడ మనలాగే ఎడమవైపు నడుపుతారు, ఇంగ్లీషు అధికార భాష, పాత రైతుల రాతి ఇళ్ళు బాగుచేసి అద్దెకిస్తారు, చాలావాటికి ఈతకొలను కూడా ఉంటుంది. పెద్ద దీవి నుంచి ఓడలో పాతిక నిమిషాల ప్రయాణం, కారు కూడా ఎక్కించుకోవచ్చు. పిల్లలకి జ్గంతియా గుళ్ళు చూపించండి, ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడ రవాణా శాఖ ఆఫీసులోనే తీసుకుని బయల్దేరండి. ఈతకొలనుకి కంచె ఉందో లేదో బుక్ చేసేముందే అడగండి.