పేరు దాచండి, కానీ ఇద్దరూ దాస్తున్నది ఒకే పేరేనా అని చూసుకోండి

"ఆరో నెల నడుస్తోంది. మేమిద్దరం పేరు అనుకున్నాం, పుట్టేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నాం. అత్తింటివాళ్లు చిన్నబుచ్చుకుంటున్నారు. ఇలా దాచడం తప్పా?" అని అడిగారు.

తప్పు కాదు, దాచండి. నేను మొదటి కాన్పుకు చెప్పి చూశాను, రెండో కాన్పుకు దాచి చూశాను. ఉన్నవి రెండు కాన్పులే అయినా ఈ విషయంలో నన్ను మించిన అనుభవజ్ఞులు లేరని నా గట్టి నమ్మకం.

నాకు చిన్నప్పటి నుంచీ నీళ్ల పేర్లంటే పిచ్చి. మొదటిసారి ఆడపిల్లయితే మేఘ, మగపిల్లాడయితే వరద్ అనుకున్నాం. ఐదో నెలలో ఒక సాయంత్రం ఇంట్లో అందరూ ఉన్నారు. "పేరేమైనా అనుకున్నారా?" అని ఎవరో మామూలుగా అడిగారు. నాకేమో చెప్పాలని ఎప్పట్నుంచో నోరు దురదగా ఉంది. "ఆడపిల్లయితే మేఘ" అనేశాను. రెండో పేరు చెప్పే అవకాశం నాకు రాలేదు.

"మేఘమా? అంటే ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటుందన్నమాట" అన్నారు అత్తయ్య. వెక్కిరింపు కాదు, ఆవిడకు నిజంగానే బెంగ పట్టుకుంది. "ఒత్తు ఘ కదా, సగంమంది మేగ అంటారు" అన్నారు మామయ్య. మా ఆడపడుచు వాళ్ల ఆఫీసులో ఒక మేఘ ఉందట, ఎవరితోనూ పడదట. ఆవిడ కథ పది నిమిషాలు విన్నాం. అప్పటిదాకా ఫోన్లో ఏదో చూసుకుంటున్న మా మరిది తల కూడా ఎత్తకుండా, "వదినా, బళ్లో దాన్ని మేక అంటారు" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నేను చేసిన తప్పు ఏదైనా ఉంటే అదే.

మర్నాటి నుంచి "మేక ఎలా ఉంది?", "మేక తన్నుతోందా?" మొదలయ్యాయి. స్కానింగుకు వెళ్లొస్తే "మేక బరువెంతుంది?" అని ఫోను. అదంతా ప్రేమగానే అడుగుతున్నారు, అక్కడే చిక్కంతా. ద్వేషంతో అంటే పోట్లాడొచ్చు. ముద్దుగా అనేవాళ్లతో ఏమని పోట్లాడతాం? ఎనిమిదో నెల వచ్చేసరికి నేను కళ్లు మూసుకుని ఆ పేరు తలుచుకుంటే రెండు కొమ్ములు కనిపించడం మొదలైంది. నేను ఎంతో ఇష్టపడి వెతుక్కున్న పేరు నా చెవికే పనికిరాకుండా పోయింది.

తీరా పుట్టింది బాబు. వరద్ అనే పేరు మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. మా ఆయన వాణ్ణి ఎత్తుకుని "వీడి పేరు వరద్" అన్నారు. నేను ఊపిరి బిగబట్టాను. వరద అంటే ఊళ్లు ముంచేది కదా అని ఎవరో ఒకరు అంటారనుకున్నా. ఒక్కరూ అనలేదు. "వరాలిచ్చేవాడన్నమాట" అని అత్తయ్యే అర్థం కూడా చెప్పారు. మేఘాన్ని మేక చేసిన మరిది వరద జోలికే పోలేదు. మనుషులు వాళ్లే, గట్టిగా చూస్తే నాలుగు నెలలు కాలేదు, పేరు కూడా దానికంటే తేలిగ్గా వెక్కిరించగలిగేది. తేడా ఒక్కటే, ఇప్పుడు చేతిలో పిల్లాడున్నాడు. పుట్టకముందు పేరు ఉత్త మాట, మాట మీద ఎవరైనా ఇంకో మాట అనేస్తారు.

నన్నడిగితే చట్టాలు కూడా ఇదే చెబుతాయి. ఇంగ్లండులో బిడ్డ పుట్టాక నమోదుకు 42 రోజుల గడువుంది. ఫ్రాన్సులో 5 రోజులే, కానీ అదీ పుట్టాకే. మన దేశంలో 1969 నాటి చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. అదీ పేరు లేకుండా చేయించేసి, పేరు తర్వాత చేర్చుకోవచ్చు. కడుపులో ఉండగానే పేరు చెప్పి తీరాలని ఇవేవీ అనలేదు. బ్రిటన్ రాజకుటుంబంలో 2018 ఏప్రిల్ 23న పుట్టిన లూయీ పేరు ప్రపంచానికి నాలుగు రోజుల తర్వాత తెలిసింది, ఈలోగా జనం పందేలు కూడా కాశారు. వాళ్లంతమంది ముందు దాచగా లేనిది మనం పదిమంది ముందు దాస్తే తప్పొచ్చిందా? ఐస్లాండులో జాబితాలో లేని పేరు పెట్టాలంటే ఒక కమిటీ ఒప్పుకోవాలట. ఆ కమిటీ 1991లో పెట్టారు. మా ఇంట్లో అంతకు చాలా ముందు నుంచే ఉంది.

పేరు దాచేవాళ్లలో చాలామంది భయం వేరే ఉంటుంది, ఎవరైనా ఎత్తుకుపోతారని. నాకు ఆ భయం ఎప్పుడూ లేదు. ఎత్తుకుపోతే పోనీ, ఒకే పేరుతో ఇద్దరు పిల్లలు ఉంటే వచ్చిన నష్టమేమీ లేదు. పేరు పోవడం వేరు, పాడవడం వేరు. పోయిన పేరును మనమూ పెట్టుకోవచ్చు గానీ, పాడైన పేరును ఏం చేసుకుంటాం?

ఇంకో మాట, పేర్ల యాప్‌లు మాత్రం నమ్మకండి. సగం పేర్లకు అర్థం "సూర్యకిరణం", మిగతా సగానికి "దేవుడి కానుక". రెండక్షరాలు ఎలా కలిపినా ఏదో ఒక అర్థం పుట్టిస్తారు. నా పేరు కొట్టి చూస్తే "విజయం సాధించునది" అని వచ్చింది. మా అమ్మకు చెబితే చాలాసేపు నవ్వింది.

సరే, రెండో కాన్పు. ఈసారి పేరు ఎవరి చెవినా పడకూడదని ఒట్టు వేసుకున్నాం. అప్పటికి అత్తయ్య, మామయ్య మా దగ్గరే ఉన్నారు, మరిది వారం విడిచి వారం వచ్చేవాడు. అదీగాక మా వాడికి మూడేళ్లు, విన్న మాట విన్నట్టు వీధంతా చెప్పే వయసు. కాబట్టి ఇంట్లో ఆ పేరు నోటితో పలకడమే నిషేధం. ఆయనకు అప్పట్లో రాత్రి డ్యూటీ. నాకు నిద్ర పట్టని ఒక రాత్రి పేరు తట్టింది, వెంటనే మెసేజ్ పెట్టాను. అందరిలాగే మేమూ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసుకునే బాపతే. ఆయన్నుంచి వెంటనే జవాబు వచ్చింది, "చాలా బాగుంది, ఇదే ఖాయం" అని, పక్కన మూడు గుండె బొమ్మలతో. ఆ తర్వాత నలుగురిలో దాని సంగతి ఎత్తాల్సి వస్తే "పాస్‌వర్డ్" అనేవాళ్లం. "పాస్‌వర్డ్ మార్చాలంటావా?", "వద్దండీ, అదే ఉంచుదాం." మా మామయ్య పాపం వైఫై సంగతి అనుకుని, "మారిస్తే నాకూ చెప్పండర్రా" అనేవారు. (మగపిల్లాడయితే పెడదామనుకున్న పేరు ఇక్కడ చెప్పను. మా మరిదికి ఈమధ్యే పెళ్లయింది, వాళ్లకు పనికొస్తుందేమో.)

మీవాళ్లు చిన్నబుచ్చుకుంటున్నారన్నారు కదా, ఆ భాగం నాకూ అయింది. మొదట్లో నేను తెలివిగా "ఇంకా ఏమీ అనుకోలేదు" అని తప్పించుకున్నాను. అంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. అనుకోలేదంటే ఖాళీ ఉందని అర్థం కదా, ఫోనులో రోజుకో జాబితా వచ్చిపడేది. పంపినవాళ్లు మళ్లీ ఫోను చేసి ఏది నచ్చిందో చెప్పమనేవాళ్లు. ఆ తర్వాత సూటిగా "అనుకున్నాం, పుట్టాక చెబుతాం" అనేశాను. రెండు వారాలు మూతిముడుపులు, ఆ పైన అంతా మామూలే. రోజూ జాబితాలు చూడటం కంటే రెండు వారాల అలక వెయ్యి రెట్లు నయం. "నాకొక్కదానికి చెవిలో చెప్పవే, ఎవరికీ చెప్పను" అనేవాళ్లను మాత్రం అస్సలు నమ్మకండి. ఎవరికీ చెప్పనివాళ్లు అసలు అడగరు.

ఎప్పుడూ ఏదీ అడగని మా అమ్మ ఒక్కసారి అడిగింది, అదీ వేరేలా. "పేరు చెప్పొద్దులే. నాకు నోరు తిరుగుతుందా లేదా, అదొక్కటి చెప్పు" అంది. పై పళ్లు రెండు ఊడాక అమ్మకు కొన్ని మాటలు సరిగా పలకవు. "తిరుగుతుందమ్మా" అన్నాను ధైర్యంగా. ఆ పేరు అప్పటికి నేనే ఒక్కసారి కూడా పైకి పలకలేదన్న సంగతి నాకు తట్టలేదు.

కాన్పు తెల్లవారుజామున అయింది, పాప. మధ్యాహ్నం సిస్టర్ ఒక ఫారం, పెన్ను పట్టుకుని వచ్చి, "పేరు అనుకున్నారామ్మా? లేకపోతే ఖాళీ వదిలేస్తాను" అంది. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నాలుగు నెలలు దాచిన మాట. ఇద్దరం ఒకేసారి చెప్పాం.

నేను "ధార" అన్నాను. ఆయన "ధర" అన్నారు.

"ఏదమ్మా?" అంది సిస్టర్.

"ధర ఏమిటండీ!"

"అదేగా అనుకున్నాం. ధర అంటే భూమి, ధరణి అన్నట్టు. నువ్వే కదా పంపావు?"

"నేను పంపింది ధార. నీటి ధార! నీళ్ల పేరు కాకుండా నేను ఇంకోటి పెడతానా?"

"మరి దీర్ఘం ఎక్కడుంది?" అంటూ ఫోను తీసి మెసేజ్ చూపించారు. నిజమే. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం ఎక్కడుంటుంది? ధార అని రాసినా ధర అని రాసినా అవే ఐదు అక్షరాలు. నాలుగు నెలలుగా ఒకే పాస్‌వర్డ్ వెనక ఆయన భూమిని దాచుకున్నారు, నేను నీళ్లను దాచుకున్నాను.

మందుల మత్తో, నీరసమో, నాకు ఉక్రోషం వచ్చింది. "పిల్లకు ధర అని పెడతారా? జన్మంతా ధర ఎంత, ధర ఎంత అని అడుగుతారు దాన్ని!" అనేశాను. సిస్టర్ కిసుక్కున నవ్వింది. ఆయన మొహం వాడిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు మేక. మా మరిది ఏం చేశాడో నేనూ అదే చేశాను. ఆయన నాలుగు నెలలపాటు డ్యూటీలో కూర్చుని ఆ పేరుతో కూతురిని ఊహించుకుని ఉంటారు. ఇంటిల్లిపాదీ నుంచి కాపాడిన పేరును ఆఖరికి నేనే పాడుచేశాను. సిస్టర్ "మళ్లీ వస్తాలెండి" అని ఫారం తీసుకుని వెళ్లిపోయింది.

రెండు రోజులు పిల్లకు పేరు లేదు. చూడవచ్చినవాళ్లు అడిగితే ఇద్దరం కూడబలుక్కున్నట్టు నవ్వి ఊరుకునేవాళ్లం. వాళ్లేమో ఇంకా దాస్తున్నామనుకుని మళ్లీ మూతి ముడిచారు. మూడో రోజు పొద్దున ఆయన పాపను ఒళ్లో వేసుకుని, "పిలిచేటప్పుడు చివర దీర్ఘం ఎలాగూ వస్తుంది, మొదట్లో ఇంకోటి పెడితే పోయిందేముంది" అని, "ధారా!" అని పిలిచారు. నేనేమీ అనలేదు. అనకూడదనిపించింది. అమ్మకు ఫోను చేసి చెబితే అటువైపు రెండుసార్లు పలికి చూసుకుని, "తిరుగుతోందే" అంది. మరిది ఈసారి కూడా ఏమీ అనలేదు. ధారలో వెక్కిరించడానికేముందో నేను ముందే వెతికి పెట్టుకున్నాను కూడా, అక్కర్లేకపోయింది.

మీరు అడిగింది దాచడం తప్పా అని, నేను ఎటో వెళ్లిపోయాను. దాచండి. ఆ దాచేదేదో మెసేజ్‌లలో మాత్రం దాచకండి. ఇద్దరే ఉన్నప్పుడు తలుపు వేసుకుని పైకి పిలవండి. కోపంగా ఒకసారి, నిద్ర లేపుతున్నట్టు ఒకసారి, ఆడుకుంటున్న పిల్లను వీధి చివర నుంచి పిలిచినట్టు ఒకసారి. కాగితం మీద తెలుగులో రాసుకోండి. మీ పేరులో ఒత్తుందా, దీర్ఘముందా, ల నా ళ నా, ఇద్దరూ తేల్చుకోండి. మీ అత్తగారు నిజంగా బాధపడుతుంటే మా అమ్మ అడిగినట్టు ఒక్క ప్రశ్న అడగనివ్వండి. చిన్న పేరా, పెద్ద పేరా అని అడిగితే చెప్పండి. ఆ కాస్తకే సగం అలక తీరుతుంది.

మా ధారకు ఇప్పుడు ఆరేళ్లు. బడి రిజిస్టరులో పేరు ఇంగ్లీషులోనే ఉంది కాబట్టి కొత్త టీచరు వచ్చిన ప్రతిసారీ హాజరులో "ధర" అనే పిలుస్తారట. ఇది లేచి నిలబడి, "దీర్ఘం ఉంది మేడమ్" అని చెప్పి కూర్చుంటుందట. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పిన రోజు మా ఆయన దాన్ని దగ్గరకు లాక్కుని "లేకపోయినా బాగానే ఉంటుందిలే" అన్నారు, నా వైపు చూడకుండా.