సోయా మానేసి మొత్తం పత్తి పెడదామా?

ప్రశ్న: మాది నిర్మల్ జిల్లా, ముధోల్ దగ్గర పల్లె. ఆరెకరాల నల్లరేగడి, బోరు లేదు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి వానాకాలం అంటే మా ఇంట్ల సోయానే. పోయినసారి కోసి కుప్ప పెట్టినంక వాన పట్టుకుంది, గింజ నల్లబడ్డది, అడ్డికి పావుశేరు లెక్క అమ్మినం. ఇగ మొత్తం పత్తే పెడదాం అంటుండు బాపు. ఏరనీకి మనుషులు ఏడ దొరుకుతరు అంటది అమ్మ. వానకి ముందే కోసిన ఒక ఎకరం గింజ వేరే సంచులల్ల ఉంది, దాన్ని విత్తనానికి పెట్టుకోవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, మొత్తం పత్తి వద్దు. బాపు బాధ అర్థమవుతుంది, కళ్ల ముందే కుప్ప నల్లబడితే ఏ రైతుకైనా ఆ పంట మీద మనసు విరిగిపోతుంది. కానీ సోయాని ఒక్కదాన్నే తీసి పత్తితో పోలిస్తే లెక్క తప్పుతుంది. జూన్ చివర్లో వేసిన సోయా వంద రోజులు అటూఇటూగా అక్టోబర్ మొదట్లో చేను ఖాళీ చేస్తుంది, భూమిలో మిగిలిన పదునుతోనే శనగ వేసుకోవచ్చు, బోరు లేని మీకు రెండో పంట అంటే అదే కదా, పత్తి పెడితే జనవరి దాకా చేను దాని కిందే ఉంటుంది, ఏరే కూలి వేరే. అందుకే సోయా, శనగ రెండూ కలిపి ఒకవైపు, పత్తి ఒకవైపు పెట్టి ఖర్చులతో సహా కాగితం మీద రాసి బాపుకి చూపించండి. ఇంకోటి, సోయా వేర్లకి బుడిపెలు వస్తాయి కదా, నెల దాటాక ఒక మొక్క మెల్లగా పీకి బుడిపెని గోటితో చీల్చి చూడండి, లోపల గులాబి రంగు ఉంటే గాలిలోని నత్రజనిని పట్టే పని బాగా జరుగుతున్నట్టే, అంటే యూరియా ఖర్చు ఆమేరకు తగ్గుతుంది.

ధర సంగతి కూడా చెప్పాలి. క్వింటా సోయా ఆడిస్తే నూనె 18 కిలోల దాకా వస్తుంది, మిగతాది చాలావరకు చెక్కే, అది కోళ్ల దాణాకి పోతుంది. అందుకే నూనె ప్యాకెట్ రేటు పెరిగినా మన గింజకి ధర రాని రోజులుంటాయి, చెక్కకి గిరాకీ లేకపోతే మిల్లువాడు ఎక్కువ పెట్టడు. పైగా మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది, ముడి నూనెల మీద దిగుమతి సుంకాన్ని 2024 సెప్టెంబర్‌లో 20 శాతం చేసి 2025 మేలో మళ్లీ 10కి దించారు, ఇలా మాటిమాటికీ మారుస్తుంటే రైతు ఏ ధర నమ్ముకుని విత్తాలి? నాకైతే ఇది పెద్ద అన్యాయం అనిపిస్తుంది. 2025-26కి మద్దతు ధర క్వింటాకి 5,328 రూపాయలు, అది చేతికి రావాలంటే ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర పంట నమోదు చేయించి ఉండాలి, గింజలో తేమ 12 శాతం దాటకూడదు.

ఇక విత్తనం. తడిసిన కుప్పలోది ఒక్క గింజ కూడా వాడొద్దు. వేరేగా పెట్టిన గింజ మాత్రం పనికొస్తుంది, సోయా హైబ్రిడ్ కాదు కాబట్టి ఇంటి విత్తనం నిక్షేపంగా వేసుకోవచ్చు. కాకపోతే దాని పొట్టు చాలా పల్చన, సంచి ఎత్తి పడేసినా, దాని మీద కూర్చున్నా లోపలి మొలక దెబ్బతింటుంది, అందుకే సంచుల్ని చెక్క పలకల మీద పెట్టండి, ఎక్కువ వరసలు పేర్చొద్దు. జూన్ మొదట్లో వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెసంచిలో వరసగా పేర్చి చుట్టి నీడన పెట్టండి, రోజూ కాస్త తడపండి, వారంలోపు విప్పి చూస్తే 70 కన్నా ఎక్కువ గట్టిగా మొలిస్తే ఎకరాకి 30 కిలోలు చాలు, 60 దగ్గరుంటే ఇంకో నాలుగైదు కిలోలు కలపండి, అంతకన్నా తగ్గితే మిల్లుకి అమ్మేసి వేరే విత్తనం కొనండి. పొడి దుక్కిలో మాత్రం వేయొద్దు, రెండు మూడు మంచి వానలు పడి భూమి బాగా తడిసాకే విత్తండి.

కోతప్పుడు ఆరెకరాలూ ఒకేసారి కొయ్యకుండా, ఒక రోజులో నూర్చుకోగలిగినంతే కోయండి, టార్పాలిన్ ముందే కొని ఇంట్లో ఉంచుకోండి. బాపు మాట కూడా పూర్తిగా తీసెయ్యొద్దు, ఒకటిన్నర ఎకరంలో పత్తి పెట్టనివ్వండి, ఇంట్లోవాళ్లే ఏరుకోగలిగినంత. మిగతా సోయాలో మధ్యమధ్య కంది సాళ్లు వేయండి, సోయా దెబ్బతిన్నా కంది నిలబడుతుంది, కంది సాళ్లున్న మేర శనగ రాదు కాబట్టి ఎన్ని ఎకరాల్లో వేయాలో అమ్మతో కూడా మాట్లాడి తేల్చుకోండి.