మెట్ట పల్లెలో సేద్యం నేర్పబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, చిన్నాన్న ఆశీస్సులు.

మెరకముడిదాం వైపు మెట్ట గ్రామాల్లో ప్రకృతి వ్యవసాయం నేర్పే పనిలో చేరుతున్నావని విని ఎంతో సంతోషించాను. లావేరు, రణస్థలం మెట్టల్లో చాలాకాలం ఈ పనే చేసినవాడిని కనుక, నీకు ఉపయోగపడతాయనుకున్న సంగతులు కొన్ని రాస్తున్నాను.

కొత్త పద్ధతి చెప్పగానే పేద రైతు వెనకాడితే అతనికి తెలివి చాలదనుకోవద్దమ్మా. పంట తప్పితే ఆ ఏడు ఇంట్లో గింజ ఉండదు, అప్పు తీరదు. ఆ భయం న్యాయమైనది. అందుచేత ఉన్న భూమంతా మార్చమని ఎవరినీ అడగవద్దు. పది సెంట్లో ఇరవై సెంట్లో కొత్త పద్ధతిలో వేయించి, మిగిలినది ఎప్పటిలాగే చేసుకోనివ్వు. రెండూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటే, వాన ముఖం చాటేసిన వారాల్లో ఏది ముందు వాడిందో ఊరంతా చూస్తుంది.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెండింటిలోనూ ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైగానే వర్షం పడుతుంది. అయినా మెట్ట ఎండుతున్నదంటే, నాలుగు రోజులు కుండపోతగా కురిసి ఆపైన రెండు మూడు వారాలు చినుకు లేకపోవడం, మన ఎర్ర ఇసుక నేలలు ఆ నీటిని పట్టి ఉంచలేకపోవడం ముఖ్య కారణాలు. ఈ మాట ఉపన్యాసంగా చెబితే ఎవరికీ పట్టదు. అడుగు నుంచి అంచు వరకు ఒకే వెడల్పున్న డబ్బాను ఆరుబయట పెట్టించి, వాన వెలిశాక అందులోని నీటిని స్కేలుతో కొలిపించు. ఎకరంపై ఒక్క మిల్లీమీటరు వాన అంటే 4,000 లీటర్లకు పైగా నీరు. పది మిల్లీమీటర్ల వానకు తమ ఎకరంలో 40,000 లీటర్లు పడ్డాయని తామే లెక్క కట్టుకున్నవారు, అందులో గెడ్డ (వాగు) పాలవుతున్నది ఎంత అని తామే అడుగుతారు. గట్లు ఎత్తు చేయడం, వాలుకు అడ్డంగా దున్నడం, చేను దిగువన కుంట తవ్వడం గురించి మాట్లాడవలసినది అప్పుడు.

మట్టి గురించి కూడా ఇలాగే చూపించు. ఏళ్ల తరబడి నాగలి తగలని గట్టు మీది చెట్టు నీడ నుంచి ఒక ఎండు మట్టిగడ్డ, రోజూ ఎండకు కాగే చేనులోంచి మరో ఎండు గడ్డ తీసుకొని రెండు గాజు గ్లాసుల నీటిలో మెల్లగా వదులు. చేని గడ్డ సాధారణంగా కొద్దిసేపటికే విడిపోయి అడుగున బురదగా పేరుకుంటుంది. ఆకులు రాలి కుళ్లిన చోటి గడ్డ చాలాసేపు నిలుస్తుంది. గెత్తం (పశువుల ఎరువు) ఎందుకు వేయాలో, నేలను ఎందుకు కప్పి ఉంచాలో ఆ రెండు గ్లాసుల ముందు కూర్చుని చెప్పు.

నేలను కప్పి ఉంచడానికి ఏప్రిల్, మే నెలల్లోనే నవధాన్యాల విత్తనాలకు మట్టి, బూడిద, బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన విత్తన శుద్ధి ద్రావణం) పట్టించి పొడి దుక్కిలో చల్లిస్తారు. పద్ధతి మంచిదే. కానీ కోతలయ్యాక పశువులను, మేకలను విచ్చలవిడిగా వదిలే ఊళ్లో ఒక్క రైతు చల్లితే ఆ పచ్చదనం వారంలో మేతైపోతుంది. కాబట్టి విత్తనాలు పంచేముందు మందలు కాసేవారితో సహా ఊరంతటినీ కూర్చోబెట్టి, ఏ పొలాలు ఎప్పటివరకు విడిచిపెట్టాలో ఒప్పందం చేయించాలి. కాపరులను శత్రువుల్లా చూడవద్దు. పశువులు లేని ఇంటికి ఘనజీవామృతానికి (పేడతో చేసే పొడి ఎరువుకు) పేడ కావాలన్నా, చేలో మంద కట్టించి నేలకు సత్తువ తేవాలన్నా వారి సాయమే కావాలి. వలస వెళ్లినవారు సంక్రాంతికి ఇల్లు చేరతారు కనుక ఈ మాటలు ఆ రోజుల్లోనే తేల్చుకోవడం మేలు.

పంటల విషయంలో కొత్తవి వెతకనక్కరలేదు. చోడి (రాగి), గంటి (సజ్జ), సామ, కంది, ఉలవ మన మెట్టలో పెద్దల నాటి నుంచి ఉన్నవే. చోడి ఎనిమిది వరుసలకు కంది రెండు వరుసలు వేయిస్తే, కంది వేరు లోతుకు దిగి, చోడి దెబ్బతిన్న ఏడు కూడా ఎంతో కొంత చేతికి ఇస్తుంది. చోడి ఆకుమడిని ఒకేసారి పోయించక, పదిహేను రోజుల తేడాతో రెండు విడతలుగా పోయించు. వాన ఆలస్యమైతే మొదటి నారు ముదిరిపోయినా రెండోది ఉంటుంది.

మగవారు కూలికి విశాఖపట్నమో హైదరాబాదో వెళ్లిన ఇళ్లలో సేద్యం ఆడవారిదే. పిల్లలకు అన్నాలు పెట్టి, గిన్నెలు కడుక్కున్నాక వారికి తీరిక దొరికే వేళకు నీవే వారి వీధి అరుగు మీదికి వెళ్లు. కౌలుదారులకు మాత్రం గట్లు వేయమని చెప్పేముందు భూమి యజమానితో మాట్లాడి, నాలుగైదేళ్లు భూమి వారి చేతిలోనే ఉండేలా మాట తీసుకో. వచ్చే ఏడు తనది కాని నేలకు ఎవరూ చెమటోడ్చరు, ఓడ్చమనడం న్యాయమూ కాదు.

రోహిణి కార్తె రాకముందే ప్రతి ఇంటి విత్తనం నుంచి నూరు గింజలు తడి గోనెలో చుట్టించి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టించు. సగమే మొలిస్తే వేరే విత్తనం వెతుక్కోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. ఖరీఫ్ తప్పిపోయినా ఆగస్టు, సెప్టెంబరులో ఉలవ చల్లుకోవచ్చు కనుక, ఆ విత్తనం ఊళ్లో ఎవరి ఇంట ఎంత ఉన్నదో ఇప్పుడే అడిగి రాసి ఉంచుకో.

ఇట్లు,
మీ చిన్నాన్న